పద్యగణన ప్రోగ్రాముల్లో వివరణవ్యాఖ్యలు: ఎడిటర్ తెరపై సరిగా కనిపించేలా రాసే పద్ధతి

వ్యాససంగ్రహం

తెలుగు పాఠాలపై పనిచేసే చిన్న చిన్న ప్రోగ్రాములను నేడు పరిశోధకులే రాసుకొంటున్నారు, ఒకరు రాసినవాటిని మరొకరు వాడుకొంటున్నారు. ఒక ఫంక్షన్ దేనిని లెక్కిస్తుందో, దేనిని వదిలేస్తుందో దానిని వాడేవారికి తెలిపేది దానికి జోడించిన వివరణవ్యాఖ్య. ఆ వ్యాఖ్య ఎడిటర్ తెరపై కనిపించకపోయినా, సగమే కనిపించినా పరిశోధన ఫలితం తప్పుదారి పట్టవచ్చు. సీ షార్ప్ భాషలోని ఎక్స్‌ఎంఎల్ వ్యాఖ్యలను ప్రధానంగా తీసుకొని, జావా, పైథాన్ పద్ధతులను అవసరమైనంత మేరకు ప్రస్తావిస్తూ, తెలుగు లిపి వల్ల ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వివరణవ్యాఖ్య, ఎక్స్‌ఎంఎల్, విజువల్ స్టూడియో, యూనికోడ్, అక్షరగణన, పొల్లు, ఛందస్సు.

ఉపోద్ఘాతం

ఛందస్సు మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి కొంతకాలం క్రితం ఒక పట్టికను నా ముందుంచారు. ఒక ప్రాచీన కావ్యపు డిజిటల్ ప్రతిలో ఉత్పలమాల పాదాలను ప్రోగ్రాము సాయంతో పరిశీలించి, ఇరవై అక్షరాలకు మించిన పాదాలను గణభంగాలుగా గుర్తించిన పట్టిక అది. మొదటి పుటను చూడగానే సందేహం కలిగింది. అందులో చేరిన పాదాలలో చాలా భాగం ద్రుతంతో ముగుస్తున్నాయి. పాదాంతంలోని ‘న్’ను ప్రోగ్రాము విడి అక్షరంగా లెక్కించి ఇరవైని ఇరవై ఒకటి చేసింది. ఛందశ్శాస్త్రం ప్రకారం పొల్లు తన ముందున్న అక్షరంలో చేరి దానిని గురువు చేస్తుందే తప్ప విడిగా లెక్కకు రాదు. అంటే ఆ పట్టికలో అధిక భాగం కవి చేసిన తప్పులు కావు, ప్రోగ్రాము లెక్కింపు వల్ల వచ్చినవి.

ఆ లెక్కింపు ఫంక్షన్ విద్యార్థి రాసింది కాదు, మరొకరు రాసి ఇచ్చిన లైబ్రరీలోనిది. రాసినవారు అజాగ్రత్తపరులేమీ కారు. పొల్లును విడిగా లెక్కిస్తామని వ్యాఖ్యలో స్పష్టంగానే రాశారు. అయితే ఆ వ్యాఖ్య విద్యార్థి ఎడిటర్‌లో ఒక్క అక్షరం కూడా కనిపించలేదు. కారణం, అందులోని ఒకే ఒక్క గుర్తు: ‘<’.

వివరణవ్యాఖ్య స్వభావం

ప్రోగ్రాములో రాసే వ్యాఖ్యలు రెండు రకాలు. ఒకటి, రాసినవారు తమ కోసమో, తర్వాత దానిని సవరించేవారి కోసమో రాసుకొనే సాధారణ వ్యాఖ్య. దీనిని చదవాలంటే మూలాన్ని తెరవాలి. రెండవది, ఫంక్షన్ లోపలి పనితో నిమిత్తం లేకుండా దానిని వాడుకొనేవారి కోసం రాసేది. ఎడిటర్‌లో ఆ ఫంక్షన్ పేరుపై మౌస్ సూచికను నిలిపితే ఒక చిన్న పెట్టె తెరుచుకొని అందులో ఈ వ్యాఖ్య కనిపిస్తుంది. ఈ రెండవ రకాన్నే ఈ వ్యాసంలో వివరణవ్యాఖ్య అని, ఆ పెట్టెను సూచనపెట్టె అని వ్యవహరిస్తున్నాను.

మన సాహిత్య సంప్రదాయంలో దీనికి దగ్గరి పోలిక టీకాతాత్పర్య సహిత ముద్రణ. వావిళ్ళ వారి ప్రతిని చేతపట్టిన పాఠకుడికి పద్యమూ టీకా ఒకే పుటలో దొరికేవి. నిఘంటువు కోసం లేవనక్కరలేదు. సూచనపెట్టె చేసే పనీ అదే. మూలంలో లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని కాళిదాస కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి తనకు తాను పెట్టుకొన్న నియమం వివరణవ్యాఖ్యకు అక్షరాలా వర్తిస్తుంది. అయితే ఒక భేదం ఉంది. టీకను చదివేది మనిషి ఒక్కడే. వివరణవ్యాఖ్యను మనిషి కంటే ముందు ఒక యంత్రం చదువుతుంది. ఆ యంత్రం తన వ్యాకరణం ప్రకారం దానిని విడదీసి, అర్థమైన భాగాన్నే మనిషికి చూపుతుంది. అర్థం కాకపోతే చాలా సందర్భాల్లో మౌనంగా వదిలేస్తుంది.

ప్రోగ్రాము ప్రధానంగా మనుషులు చదవడానికి రాయవలసిన రచన అనే వాదాన్ని డొనాల్డ్ నూత్ 1984లో సాహిత్య ప్రోగ్రామింగ్ అన్న పేరుతో ప్రతిపాదించారు. వ్యాఖ్యల నుంచి వివరణ గ్రంథాన్ని యాంత్రికంగా తయారుచేసే జావాడాక్ సాధనం 1990ల మధ్యలో జావాతో పాటు వచ్చింది. 2002లో వెలువడిన డాట్‌నెట్, సీ షార్ప్ భాషలో వివరణవ్యాఖ్యలకు ఎక్స్‌ఎంఎల్ రూపాన్ని నిర్ణయించింది. 2016లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ తర్వాత, భాష ఏదైనా ఎడిటర్ ఏదైనా సూచనపెట్టెకు సమాచారం అందే మార్గం చాలావరకు ఒకే తీరుకు వచ్చింది. వ్యాఖ్య రాసే వ్యాకరణం మాత్రం ఒక్కో భాషలో ఒక్కోలా మిగిలిపోయింది.

సీ షార్ప్‌లో మూడు గీతల వ్యాఖ్య

సీ షార్ప్‌లో సాధారణ వ్యాఖ్య రెండు వాలుగీతలతో, వివరణవ్యాఖ్య మూడు వాలుగీతలతో మొదలవుతుంది. నాలుగు గీతలు పెడితే అది మళ్ళీ సాధారణ వ్యాఖ్యే. విజువల్ స్టూడియోలో ఫంక్షన్‌కు పైనున్న ఖాళీ పంక్తిలో మూడు గీతలు కొట్టగానే, కావలసిన టాగులతో ఒక చట్రం తనంతట తానే ఏర్పడుతుంది. కనుక టాగులను కంఠస్థం చేయనక్కరలేదు. ముందు చెప్పిన లైబ్రరీలోని వ్యాఖ్య ఇంచుమించు ఇలా ఉండేది. (నిజమైన ప్రోగ్రాములో టాగులను రోమన్ లిపిలోనే రాయాలి, ఇక్కడ వాటి ఉచ్చారణను తెలుగులో చూపుతున్నాను.)

/// <సమ్మరీ>
/// పద్యపాదంలోని అక్షరాలను లెక్కిస్తుంది.
/// పొల్లును విడి అక్షరంగా తీసుకొంటుంది.
/// పొడవు < 2 అయిన పంక్తులను వదిలేస్తుంది.
/// </సమ్మరీ>

మనిషి కంటికి ఇందులో దోషమేమీ కనిపించదు. కానీ ఎక్స్‌ఎంఎల్ వ్యాకరణంలో ‘<’ ఒక టాగుకు ప్రారంభం. దాని వెంటనే టాగు పేరు రావాలి. ఇక్కడ ఖాళీ, ఆపై 2 అంకె వచ్చాయి. దానితో ఆ పంక్తి ఒక్కటే కాక మొత్తం వ్యాఖ్య ఎక్స్‌ఎంఎల్‌గా చెల్లకుండా పోతుంది. కంపైలర్ 1570 సంఖ్య గల హెచ్చరికను ఇచ్చి, వివరణ ఫైలులో ఆ ఫంక్షన్ వ్యాఖ్యకు బదులు, సరిగా లేనందున దీనిని విస్మరించాను అనే అర్థంలో ఒక పంక్తి రాసి ఊరుకొంటుంది. హెచ్చరిక దోషం కాదు గనుక ప్రోగ్రాము నిర్మాణం ఆగదు, లైబ్రరీ యథావిధిగా తయారవుతుంది. పదుల కొద్దీ హెచ్చరికల మధ్య ఇది కూడా ఒకటిగా కొట్టుకుపోతుంది. దానిని వాడే విద్యార్థికి సూచనపెట్టెలో ఫంక్షన్ పేరు, పారామీటర్ల పేర్లు మాత్రమే కనిపిస్తాయి. పేరు ‘అక్షరసంఖ్య’. ఆ పేరును నమ్మడం తప్ప ఆ విద్యార్థికి మరో ఆధారం లేకపోయింది.

దీనికి విరుగుడు సులభమే. ‘<’కు బదులు ఆంపర్సాండ్ గుర్తు, ఎల్, టీ అనే అక్షరాలు, సెమికోలన్ వరుసగా రాయాలి. ఆంపర్సాండ్ గుర్తుకూ ఇదే జాగ్రత్త అవసరం; దానిని నేరుగా రాసినా వ్యాఖ్య చెల్లదు. అంతకంటే మంచి మార్గం, నా అభిప్రాయంలో, గణితచిహ్నాన్ని మాటల్లోకి మార్చడం. “రెండు కోడ్ పాయింట్లకు తక్కువైన పంక్తులను” అని రాస్తే చిక్కే లేదు, చదవడానికీ బాగుంటుంది.

పంక్తిభేదం విషయంలో కూడా జాగ్రత్త వహించాలి. పై వ్యాఖ్య మూడు పంక్తుల్లో ఉన్నా, సూచనపెట్టెలో ఆ మూడూ కలిసి ఒకే ధారగా వస్తాయి. మూలంలోని పంక్తి మార్పును ఎక్స్‌ఎంఎల్ సంప్రదాయం ఒక ఖాళీగానే పరిగణిస్తుంది. ప్రతిపదార్థంలా వరుసకొక అంశం రాసినవారికి ఇది ఆశాభంగమే. విడివిడి పేరాలుగా కనిపించాలంటే ‘పారా’ టాగును వాడాలి. ఖాళీలు, వరుసలు ఉన్నవి ఉన్నట్టు నిలవాలంటే ‘కోడ్’ టాగు ఉంది.

వ్యాఖ్య స్థానం కూడా ముఖ్యమే. ఫంక్షన్‌కు పైన చతురస్ర కుండలీకరణాల్లో రాసే ఆట్రిబ్యూట్ ఏదైనా ఉంటే వ్యాఖ్య దానికీ పైన ఉండాలి. ఆట్రిబ్యూట్‌కూ ఫంక్షన్‌కూ నడుమ రాస్తే కంపైలర్ దానిని దేనికీ చెందని వ్యాఖ్యగా భావించి 1587వ హెచ్చరిక ఇస్తుంది, వ్యాఖ్య తెరపైకి రాదు.

రాసినవారి తెర, వాడేవారి తెర

అన్నీ సరిగా రాసినా వ్యాఖ్య వాడుకరికి చేరని సందర్భం మరొకటి ఉంది. తరగతుల్లో విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే: “నా కంప్యూటర్‌లో కనిపిస్తోంది, మిత్రుడి కంప్యూటర్‌లో కనిపించడం లేదు, ఎందుకు?”

రాసినవారి దగ్గర ప్రోగ్రాము మూలం ఉంటుంది. ఎడిటర్ వ్యాఖ్యను నేరుగా మూలం నుంచే చదువుతుంది. ఇతరులకు పంపేది సాధారణంగా మూలం కాదు, కంపైల్ చేసిన లైబ్రరీ ఫైలు. కంపైల్ చేసేటప్పుడు వ్యాఖ్యలు అందులోకి వెళ్ళవు. అవి ఒక ప్రత్యేకమైన ఎక్స్‌ఎంఎల్ ఫైలులోకి చేరతాయి. అది కూడా ప్రాజెక్టులో వివరణ ఫైలును తయారుచేయమనే ఎంపికను ఆన్ చేసినప్పుడు మాత్రమే. ఆ ఫైలు లైబ్రరీ పేరుతోనే ఉండి, లైబ్రరీ ఉన్న ఫోల్డర్‌లోనే ఉంటే ఎడిటర్ దానిని వెతికి తీసుకొంటుంది. లైబ్రరీని ఒక్కదానినే మెయిల్‌లో పంపి, ఎక్స్‌ఎంఎల్ ఫైలును వదిలేస్తే వ్యాఖ్యలన్నీ రాసినవారి కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. టీక లేకుండా మూలపద్యాలను మాత్రమే అచ్చువేసి పంపినట్టు.

ఆ ఎంపికను ఆన్ చేయడం వల్ల మరో లాభం ఉంది. పైన చెప్పిన 1570 వంటి హెచ్చరికలు అప్పుడే వెలుగులోకి వస్తాయి. బహిరంగంగా వాడదగిన ఫంక్షన్‌కు వ్యాఖ్యే లేకపోతే 1591, వ్యాఖ్యలో పేర్కొన్న పారామీటర్ ఫంక్షన్‌లో లేకపోతే 1572, వ్యాఖ్యలో ఒక పేరుకు ఇచ్చిన లంకె ఎక్కడికీ చేరకపోతే 1574 హెచ్చరికలు వస్తాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు 1591 వరదలా వచ్చిపడుతుంది. దానికి విసుగు చెంది హెచ్చరికలన్నిటినీ ఒక్కసారిగా అణచివేయడం చాలామంది చేసే పొరపాటు. 1591ని కావాలంటే కొంతకాలం పక్కన పెట్టవచ్చు గానీ 1570ని హెచ్చరిక స్థాయి నుంచి దోషం స్థాయికి పెంచుకోవడమే క్షేమం. అప్పుడు చెల్లని వ్యాఖ్య ఉన్నంతవరకు లైబ్రరీ తయారే కాదు.

‘అక్షరం’ అంటే ఏమిటో చెప్పవలసిన బాధ్యత

తెరపై కనిపించడం అవసరమే గాని అంతటితో పని పూర్తికాదు. కనిపించే వాక్యంలో విషయం ఉండాలి. ‘అక్షరసంఖ్య’ అనే ఫంక్షన్‌కు “అక్షరాల సంఖ్యను ఇస్తుంది” అని వ్యాఖ్య రాయడం పేరును మరోసారి పలకడమే. తెలుగు విషయంలో ఈ లోపం మరింత ప్రమాదకరం, ఎందుకంటే అక్షరం అనే మాటకు యంత్రం దృష్టిలో ఒకటి కంటే ఎక్కువ అర్థాలున్నాయి.

‘శ్రీ’నే తీసుకొందాం. చదువరికి అది ఒక అక్షరం. యూనికోడ్‌లో అది శ, పొల్లు గుర్తు, ర, ఈత్వం అనే నాలుగు కోడ్ పాయింట్ల వరుస. సీ షార్ప్‌లో స్ట్రింగ్ పొడవు అడిగితే 4 అనే జవాబు వస్తుంది. యూటీఎఫ్-8 ఫైలులో అది ఆక్రమించే స్థలం 12 బైట్లు. ఇక వాడుకరి ఒక యూనిట్‌గా గుర్తించే గ్రాఫీమ్ గుచ్ఛాల లెక్కలో, 2023లో యూనికోడ్ 15.1 రాకముందు నియమాల ప్రకారం అది రెండు గుచ్ఛాలు: ‘శ్’ ఒకటి, ‘రీ’ ఒకటి. 15.1లో భారతీయ లిపుల సంయుక్తాక్షరాల కోసం చేర్చిన నియమం తెలుగుకూ వర్తిస్తుంది గనుక, ఆ తర్వాత అది ఒకే గుచ్ఛం. అంటే ఒకే మాటకు 12, 4, 2, 1 అనే నాలుగు జవాబులకూ అవకాశం ఉంది. ఫంక్షన్ వీటిలో ఏది ఇస్తుందో, ఏ యూనికోడ్ సంచికను అనుసరిస్తుందో వివరణవ్యాఖ్య చెప్పకపోతే మరెవరు చెప్పగలరు?

వీటిలో ఏదీ ఛందస్సులోని అక్షరం కాదన్నది మరింత ముఖ్యమైన సంగతి. ‘రామున్’ అనే మాటలో గ్రాఫీమ్ గుచ్ఛాలు మూడు: రా, ము, న్. ఛందస్సులో అక్షరాలు రెండే, రెండూ గురువులు. సంయుక్తాక్షరాల నియమం వచ్చినా ఈ తేడా పోదు, ఎందుకంటే పాదాంత ద్రుతం తర్వాత కలవడానికి మరో హల్లు ఉండదు. ఉత్పలమాలకు ఇరవై, చంపకమాలకు ఇరవై ఒకటి, శార్దూలానికి పంతొమ్మిది అని మనం చెప్పుకొనే లెక్కలన్నీ ఈ ఛందోక్షరాలవే.

ఐత్వం దగ్గర మరో మెలిక. ‘కై’ అనే అక్షరంలోని ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింట్‌గా రాయవచ్చు, లేదా ఎత్వమూ దాని కిందికి వచ్చే ఐత్వ చిహ్నమూ అనే రెండు కోడ్ పాయింట్లుగా విడగొట్టీ రాయవచ్చు. రెండింటినీ యూనికోడ్ సమానంగానే భావిస్తుంది. తెరపై రెండూ ఒకేలా ఉంటాయి. కానీ కోడ్ పాయింట్లను లెక్కించే ఫంక్షన్‌కు ఒకటి రెండు, మరొకటి మూడు. కనుక పాఠం ముందుగా ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మారి ఉండాలన్న షరతును పారామీటర్ వ్యాఖ్యలో చెప్పాలి.

ఈ అంశాలన్నిటినీ దృష్టిలో ఉంచుకొని పై వ్యాఖ్యను తిరగరాస్తే ఇలా ఉంటుంది:

/// <సమ్మరీ>
/// పాదంలోని గ్రాఫీమ్ గుచ్ఛాల సంఖ్య. పొల్లు విడిగా లెక్కకు వస్తుంది. ఛందోగణనకు నేరుగా పనికిరాదు.
/// </సమ్మరీ>
/// <పారామ్ నేమ్="పాదం">ఎన్‌ఎఫ్‌సీ రూపంలోని ఒకే పాదం. ఖాళీలు, విరామచిహ్నాలు లెక్కలోకి రావు.</పారామ్>
/// <రిటర్న్స్>గుచ్ఛాల సంఖ్య. రెండు కోడ్ పాయింట్లకు తక్కువైన పంక్తికి 0.</రిటర్న్స్>
/// <రిమార్క్స్>‘రామున్’ అనే మాటకు 3 వస్తుంది. ఛందస్సులో అది 2.</రిమార్క్స్>

‘ఛందోగణనకు నేరుగా పనికిరాదు’ అనే మాటను ‘రిమార్క్స్’లో కాక ‘సమ్మరీ’లోనే పెట్టడం ఉద్దేశపూర్వకం. సూచనపెట్టెలో ముందుగా కంటబడేది ‘సమ్మరీ’. పేర్ల జాబితా నుంచి ఫంక్షన్‌ను ఎంచుకొనే క్షణంలో వాడుకరి చదివేది కూడా ఎక్కువగా దానినే. పారామీటర్ వివరణ ఆ పారామీటర్‌ను నింపే సమయంలో కనిపిస్తుంది కాబట్టి పాఠం ఏ రూపంలో ఉండాలన్నది అక్కడే చెప్పడం సముచితం. ఏ మాట ఏ టాగులో ఉండాలన్నది అలంకారం కోసం కాదు, వాడుకరి ఏ క్షణంలో దానిని చూస్తారన్న దానిని బట్టి నిర్ణయించవలసినది. ఒక ఉదాహరణ ఇవ్వడం మాత్రం ఎప్పుడూ మరవరాదు. ‘గ్రాఫీమ్ గుచ్ఛం’ అన్న మాట తెలియనివారికి కూడా ‘రామున్’కు 3 అనగానే విషయం బోధపడుతుంది.

ఇటువంటి వ్యాఖ్యలను ఇంగ్లీషులోనే రాయాలన్న పట్టుదల మన ప్రోగ్రామర్లలో ఉంది. పొల్లు, వత్తు, అరసున్న, శకటరేఫ వంటి భావనలను తెలుగేతర పదాల్లోకి మార్చినప్పుడు పోయేదే ఎక్కువ. తెలుగు పాఠం మీద పనిచేసే లైబ్రరీకి వ్యాఖ్యలు తెలుగులో ఉండడమే న్యాయమని నా అభిప్రాయం. అయితే తెలుగులో రాసినప్పుడు ఎడిటర్ల దగ్గర ఎదురయ్యే చిక్కులూ తెలిసి ఉండాలి.

తెలుగు లిపిలో వ్యాఖ్య రాసినప్పుడు

మొదటిది ఫైలు ఎన్‌కోడింగ్. విండోస్‌లో తెలుగుకు యూనికోడ్ కాని పాత పద్ధతి కోడ్‌పేజీ ఏదీ లేదు. అందువల్ల తెలుగు వ్యాఖ్యలున్న ఫైలును ఏ సందర్భంలోనైనా ఆ పాత పద్ధతిలో భద్రపరిస్తే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. అది చూపులో వచ్చిన లోపం కాదు, అక్షరాలు ఫైలు నుంచే పోయాయి, తిరిగి రావు. ఎల్లప్పుడూ యూటీఎఫ్-8లోనే భద్రపరచాలి. డీటీపీ కేంద్రంలో అను ఖతుల్లో టైపు చేసిన పాఠాన్ని వ్యాఖ్యలోకి అతికిస్తే మరో రకం చిక్కు. అక్కడ తెలుగు కనిపించేది ఖతి రూపం వల్లనే, లోపల ఉన్నవి రోమన్ సంకేతాలు. ఎడిటర్ తన ఖతితో చూపగానే అర్థంలేని గుర్తుల వరుస బయటపడుతుంది. దానిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చి తీరాలి.

రెండవది వరుసల పొందిక. ప్రోగ్రామింగ్ ఎడిటర్లు ప్రతి అక్షరానికీ సమాన వెడల్పు ఇచ్చే ఖతులను వాడతాయి. ఆ ఖతుల్లో సాధారణంగా తెలుగు ఉండదు గనుక తెలుగు అక్షరాలను గౌతమి, నిర్మలా వంటి మరో ఖతి నుంచి అరువు తెచ్చుకొంటాయి. వాటి వెడల్పులు సమానం కావు. పద్యపాదాన్ని ఒక పంక్తిలోను, గురులఘువుల గుర్తులను కింది పంక్తిలోను రాసి, ఒక్కో అక్షరం కింద ఒక్కో గుర్తు వచ్చేలా ఖాళీలతో సర్దడం మనకు అలవాటు. ‘కోడ్’ టాగు ఖాళీలను కాపాడినా ఇది నిలవదు. రాసినవారి తెరపై సరిపోయినట్టు కనిపించినా వాడుకరి తెరపై గుర్తులు పక్క అక్షరాల కిందికి జరుగుతాయి. గురువు కింద లఘువు గుర్తు పడితే అది ఖాళీ పెట్టె కంటే ప్రమాదకరం. గుర్తును అక్షరం పక్కనే కుండలీకరణంలో పెట్టి ఒకే పంక్తిలో రాయడం ఒక్కటే నమ్మదగిన మార్గం. కింది వత్తులు తెగిపోయినట్టు కనిపిస్తే ఎడిటర్ అమరికల్లో పంక్తి ఎత్తును పెంచుకోవాలి. విజువల్ స్టూడియోలో సూచనపెట్టె ఖతిని ఎడిటర్ ఖతితో నిమిత్తం లేకుండా విడిగా మార్చుకొనే ఏర్పాటు ఖతులు, రంగుల అమరికల్లోనే ఉంది.

మూడవది కనిపించని అక్షరాలు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట్, వే కలిసి వత్తుగా మారకుండా నడుమ ఒక అదృశ్య సంకేతాన్ని ఉంచుతాం. 2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ‘ట్రోజన్ సోర్స్’ అనే పేరుతో, వ్యాఖ్యల్లో దాచిన అదృశ్య యూనికోడ్ సంకేతాల ద్వారా ప్రోగ్రామును మోసపూరితంగా చూపవచ్చని నిరూపించారు. ఆ తర్వాత ఎడిటర్లు అదృశ్య సంకేతాలను రంగుపెట్టెతో ఎత్తిచూపడం మొదలుపెట్టాయి. తెలుగు వ్యాఖ్యలో అటువంటి గుర్తు కనిపిస్తే వెంటనే తొలగించరాదు. అది దుష్ట సంకేతమో, మన లిపికి అవసరమైన సంకేతమో చూసి నిర్ణయించాలి.

జావా, పైథాన్‌ల గురించి

జావాలో వివరణవ్యాఖ్య ఒక వాలుగీత, రెండు నక్షత్రాలతో మొదలవుతుంది. లోపలి వ్యాకరణం చిరకాలం హెచ్‌టీఎంఎల్. 2024లో వచ్చిన జేడీకే 23 నుంచి మార్క్‌డౌన్‌లోనూ రాయవచ్చు. ఇక్కడ తెలుగువారికి ఒక వింత చిక్కు ఉంది. జావాడాక్ మొదటి వాక్యాన్ని సారాంశంగా తీసుకొని పట్టికలో చూపుతుంది. వాక్యం ఎక్కడ ముగిసిందో తెలుసుకోవడానికి అది సాధారణంగా చూసేది చుక్క, దాని వెంట ఖాళీ. “క్రీ. శ. 11వ శతాబ్ది పాఠాల కోసం ఉద్దేశించిన లెక్కింపు” అని మొదలుపెడితే సారాంశపట్టికలో మిగిలేది ‘క్రీ.’ మాత్రమే! పొడి అక్షరాలతో మొదలుపెట్టకపోవడం మేలు. తప్పనిసరైతే జేడీకే 10 నుంచి ఉన్న ‘సమ్మరీ’ టాగుతో సారాంశం హద్దును మనమే నిర్ణయించవచ్చు.

పైథాన్‌లో వ్యాఖ్య ఫంక్షన్ లోపల మొదటి వాక్యంగా, మూడేసి ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంటుంది. ‘#’తో రాసినది దీనికి సమానం కాదు, అది సూచనపెట్టెకు చేరదు. 2001 నాటి పెప్ 257 సూచించిన రూపం ఇది: మొదటి పంక్తిలో సారాంశం, ఆపై ఒక ఖాళీ పంక్తి, ఆపై వివరం. ఆ ఖాళీ పంక్తిని వదిలేస్తే సారాంశాన్ని విడదీసే సాధనాలు తికమకపడతాయి. తెలుగు పాఠాలను వెతికే ఫంక్షన్లలో తరచుగా ఎదురయ్యే పొరపాటు మరొకటి ఉంది. తెలుగు యూనికోడ్ పరిధిని చూపడానికి వెనుకకు వాలిన గీత, యూ అక్షరం, నాలుగు షోడశాంశ అంకెలతో సంకేతాలను వ్యాఖ్యలో రాస్తారు. ఉద్ధరణకు ముందు ఆర్ అక్షరం పెట్టకపోతే పైథాన్ ఆ సంకేతాలను అక్షరాలుగా మార్చేస్తుంది. అప్పుడు తెరపై కనిపించేవి పరిధి మొదట ఉన్న, ఆధార అక్షరం లేకుండా విడిగా నిలవలేని చంద్రబిందువు, చివర ఉన్న పాత కొలమానపు గుర్తు ‘తూము’. వాటిని చూసి పరిధిని ఊహించగలవారు అరుదు.

పరీక్షించే పద్ధతి

వ్యాఖ్యను రాసిన ప్రాజెక్టులోనే చూసుకొని తృప్తిపడితే ముందు చెప్పిన దోషాల్లో సగం బయటపడవు. లైబ్రరీని తయారుచేసి, మూలం లేని వేరొక కొత్త ప్రాజెక్టులో దానిని చేర్చి, ఒక్కో ఫంక్షన్ పేరుపై మౌస్ నిలిపి చదవాలి. వీలైతే వేరొక కంప్యూటర్‌లో, ఆ లైబ్రరీ గురించి ఏమీ తెలియని మిత్రుడి చేత చదివించాలి. “ఈ పెట్టెలో ఉన్నది చదివి, ఇది పొల్లును ఎలా లెక్కిస్తుందో చెప్పగలవా?” అని అడగడమే పరీక్ష.

మొదట ప్రస్తావించిన లైబ్రరీ వ్యాఖ్యను దాని రచయిత ఆ తర్వాత సరిచేశారు. ఛందోక్షరాలను లెక్కించే మరో ఫంక్షన్‌ను వేరే పేరుతో చేర్చి, రెండు వ్యాఖ్యల్లోనూ ఒకదానినుంచి మరొకదానికి లంకె ఇచ్చారు. విద్యార్థి పట్టికను కొత్త ఫంక్షన్‌తో మళ్ళీ తయారుచేయగా ద్రుతాంత పాదాలన్నీ దానినుంచి తొలగిపోయాయి. కొన్ని పాదాలు మాత్రం అప్పటికీ మిగిలాయి. వాటిలో ముద్రణదోషాలు ఏవో, లేఖకుల పొరపాట్లు ఏవో, నిజమైన గణభంగాలు ఏవో తాళపత్ర ప్రతులతో పోల్చి తేల్చే పని ఇప్పుడు సాగుతోంది.